రెండుసార్లు కూలిన గ్రిడ్: 2012 జూలై మనకు నేర్పిన పాఠం

ఢిల్లీలో ఉన్న మన తెలుగువారికి 2012 జూలై నెలాఖరు గుర్తుండే ఉంటుంది. 30వ తేదీ తెల్లవారుజామున 2 గంటల 33 నిమిషాలకు ఉత్తర గ్రిడ్ కుప్పకూలింది. అప్పుడు దాని మీద సుమారు 36,000 మెగావాట్ల లోడు ఉంది. పొద్దున మెట్రో ఆలస్యమైంది. ట్రాఫిక్ లైట్లు లేక కూడళ్ళలో బండ్లు చిక్కుపడ్డాయి. సాయంత్రం 4 గంటలకల్లా కరెంటు పూర్తిగా వచ్చేసింది. గండం గడిచిందని అందరం ఊపిరి పీల్చుకున్నాం.

మర్నాడు మధ్యాహ్నం ఒంటి గంటకు మళ్ళీ పడిపోయింది! ఈసారి ఉత్తరంతోబాటు తూర్పు, ఈశాన్య గ్రిడ్‌లు కూడా పోయాయి. మెట్రో రైళ్ళు ఎక్కడివక్కడ ఆగిపోతే ప్రయాణికులను దించి బయటికి తీసుకొచ్చారు. ఢిల్లీతో సహా ఉత్తర ప్రాంతమంతా కోలుకునేసరికి రాత్రి తొమ్మిదిన్నర అయింది.

ఫౌజీగా నాకు తోచే ప్రశ్న ఒక్కటే. ఒకే పోస్టు మీద ముప్పై అయిదు గంటల్లోపే రెండుసార్లు దెబ్బ పడితే, మధ్యలో మనం ఏం చేసినట్టు?

ప్రభుత్వం వేసిన విచారణ కమిటీ ఆగస్టు 16న నివేదిక ఇచ్చింది. రెండు రోజులూ ఆఖరి దెబ్బ 400 కె.వి. బీనా-గ్వాలియర్ లైనుదే. లైనులో లోపమేమీ లేదు. పక్క సర్క్యూట్ వోల్టేజి స్థాయి పెంచే పనుల కోసం ఆపి ఉండటంతో బరువంతా దీని మీద పడింది. రిలే ఆ అధిక లోడునే లోపంగా భావించి లైనును తెంచేసింది. ఉత్తరాది రాష్ట్రాలు వాటాకు మించి లాగుతుంటే, తగ్గించమని ప్రాంతీయ కేంద్రం చెప్పింది. రాష్ట్ర కేంద్రాలు తగినట్టు స్పందించలేదు. హుకుం అందింది, అమలు కాలేదు. మొదటి రోజు కరెంటు తిరిగొచ్చిందే గాని కారణం అలాగే ఉండిపోయింది.

గ్రిడ్‌ను మళ్ళీ లేపడం స్విచ్ వేసినంత సులువు కాదు. బొగ్గు కేంద్రం తన పంపులు, ఫ్యాన్లు తిప్పుకోవడానికే బయటి కరెంటు కావాలి. జల విద్యుత్ కేంద్రం చిన్న డీజిల్ జనరేటర్‌తో లేవగలదు. అందుకే జల కేంద్రాల నుంచి, నిలబడి ఉన్న పక్క గ్రిడ్‌ల నుంచి కరెంటు తెచ్చి ఒక్కో స్టేషన్‌నూ లేపుతారు. మన దక్షిణ గ్రిడ్ అప్పటికి వేరుగా నడుస్తోంది కాబట్టి కూలలేదు. 2013 డిసెంబర్ 31న రాయచూర్-షోలాపూర్ లైనుతో అదీ కలిసింది. కలిస్తే బలమే, కానీ ఒకరి తప్పు అందరినీ తాకుతుంది.

దీనికి సమాధానం 2020 ఏప్రిల్ 5న కనబడింది. రాత్రి 9 గంటలకు దేశమంతా తొమ్మిది నిమిషాలు లైట్లు ఆర్పినప్పుడు లోడు 31,000 మెగావాట్లకు పైగా తగ్గింది. అనుకున్నదానికి రెట్టింపు! అయినా గ్రిడ్ చెక్కుచెదరలేదు. ముందే ప్లాన్ వేసుకుని జల కేంద్రాలను సిద్ధంగా పెట్టుకోవడమే కారణం.

దాడిని తిప్పికొట్టగానే మనం టీ తాగుతూ కూర్చోం. గాయపడినవారిని పంపి, అమ్యూనిషన్ లెక్క చూసుకుని, రెండో దాడికి స్టాండ్-టూ అవుతాం. కంపెనీలవాళ్ళు బిజినెస్ కంటిన్యుటీ ప్లాన్ అనేది కూడా ఇదే. మన మాజీ సైనికులు ఎందరో గుర్గావ్, నోయిడా ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో సెక్యూరిటీ బాధ్యతలు చూస్తున్నారు. వారికి నాది ఒకటే మనవి. జనరేటర్ ఉందని ధీమా పడకండి. వారానికోసారి అసలు లోడు వేసి నడిపించి, లాగ్ బుక్‌లో రాయించండి. డీజిల్ ఎన్ని గంటలకు వస్తుందో, ముందు ఏ వార్డుకు ఇవ్వాలో, ఇన్‌ఛార్జి సెలవులో ఉంటే ఎవరు స్టార్ట్ చేస్తారో కాగితం మీద పెట్టండి. కరెంటు వచ్చాక ఆ కాగితం మడిచి దాచకండి. మొదటిసారి ఎందుకు పోయిందో తేలేదాకా రెండోసారి పొంచే ఉంటుంది.

జై హింద్.