అరచేతిలో సరస్వతి

"పాఠశాలల్లో సత్ప్రవర్తన" అన్న విషయం మీద మన ప్రత్యేక సంచికకు నాలుగు మాటలు రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు, నాకు ముందుగా గుర్తుకొచ్చింది నా బెత్తం. హైస్కూలు మాస్టరుగా పదవీ విరమణ చేసినవాణ్ణి కదా! ఆ సంగతి తరువాత మనవి చేస్తాను. అంతకన్నా చాలా పాత ముచ్చట ఒకటి ముందు చెప్పాలి.

1822 జూన్‌లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో, జిల్లాల్లో ఎన్ని బడులున్నాయో, ఎంతమంది చదువుకుంటున్నారో లెక్కలు పంపమని కలెక్టర్లను ఆదేశించాడు. బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ అంకెలతో సరిపెట్టుకోలేదు. బడి లోపల ఏం జరుగుతుందో కూడా వివరంగా రాసి 1823 ఆగస్టులో నివేదిక పంపాడు. నేటి అనంతపురం ప్రాంతం 1882 దాకా బళ్ళారి జిల్లాలోదే. అప్పటి లెక్క ప్రకారం జిల్లాలో 533 బడులు, అందులో కన్నడానివి 235, తెలుగువి 226. చదివే పిల్లలు 6,641 మంది.

ఆ నివేదికలో ఒక చిత్రమైన విషయం ఉంది. పొద్దున్నే అందరికన్నా ముందు బడికి వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారట. అది గౌరవం. రెండోవాడి చేతిలో సున్న, అంటే మెప్పూ లేదు, తప్పూ లేదు. మూడోవాడికి ఒక చిన్న దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తరువాత వచ్చినవాడికల్లా ఒక్కొక్కటి పెరుగుతూ పోవడమే. సోమరులకు బెత్తం దెబ్బలు, చేతులు కట్టి దూలానికి వేలాడదీయడం, లేకపోతే ఎడతెగకుండా కూర్చుని లేవడం. మన పెద్దలు చెప్పుకునే కోదండం, గుంజీలు ఇవే. గుంజీలు బాధాకరమే గానీ బహుశా ఆరోగ్యానికి మంచిదేమో అని కలెక్టరుగారి వ్యాఖ్య! ఆయన తీశారో లేదో మరి.

ఇది చదివినప్పుడల్లా నేను వేళ్ళ మీద లెక్క వేసుకుంటాను. బడిలో ఇరవై మంది ఉంటే, ఆఖరున వచ్చినవాడికి పద్దెనిమిది దెబ్బలు. సరస్వతి మాత్రం ఒక్కడికే. ఎక్కువ దూరం నుంచి నడిచి వచ్చేవాడు, ఇంట్లో పశువులకు మేత వేసి వచ్చేవాడు ఏనాడైనా మొదటివాడు కాగలడా? మెచ్చుకోవడం మనవాళ్ళకు తెలియక కాదు, ఆ మెప్పును ఒక్కడికే పరిమితం చేశారు.

అదే బడుల్లో మంచి పద్ధతి కూడా ఒకటుండేది. పెద్ద పిల్లలు చిన్నవాళ్ళకు చెప్పేవారు. దాన్ని క్యాంబెల్ మెచ్చుకుని, ఇంగ్లండులో దాన్ని అనుకరించడం సమంజసమే అన్నాడు. ఎగ్మూరులోని అనాథ బాలుర ఆశ్రమాన్ని నడిపిన ఆండ్రూ బెల్ 1797లో లండనులో అచ్చువేసిన పుస్తకం ద్వారా ఇది "మద్రాసు పద్ధతి" అన్న పేరుతో అక్కడ వ్యాపించింది. మన వీథిబడి నుంచి దొరలు తీసుకున్నది పిల్లవాడికి బాధ్యత అప్పగించడం. మనం మన హైస్కూళ్ళలో దాచుకున్నది బెత్తం.

స్వాతంత్ర్యం వచ్చాక 1952లో ప్రభుత్వం వేసిన మాధ్యమిక విద్యా కమిషనుకు అధ్యక్షులు డాక్టరు ఎ. లక్ష్మణస్వామి మొదలియారుగారు. శీలనిర్మాణం గురించి ఆ నివేదికలో ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది. విద్యార్థులను జట్లుగా చేసి, వాళ్ళలోనే నాయకులను, విద్యార్థి సంఘాలను ఏర్పరచి, ప్రవర్తనా నియమాలను వాళ్ళ చేతే రాయించి అమలు జరిపించాలని సిఫారసు చేశారు. స్కౌటు, ఎన్.సి.సి. కూడా ప్రోత్సహించాలన్నారు. ఖాకీ నిక్కరు వేసుకున్న తరం మనలో చాలామందే ఉన్నారు. జట్ల మాట మాత్రం ఎక్కువ బడుల్లో ఆటల పోటీల రోజుకే పరిమితమైపోయింది.

ఇక మన ఉద్యోగులంతా గర్వించదగిన విషయం. పిల్లలు రోజూ ప్రార్థనలో చెప్పే ప్రతిజ్ఞను రాసింది విద్యావేత్త కాడు, ఖజానా శాఖ ఉద్యోగి. నల్లగొండ జిల్లా అన్నెపర్తిలో 1916లో పుట్టిన పైడిమర్రి వెంకట సుబ్బారావుగారు 1962లో, చైనా యుద్ధం నాటికి, విశాఖపట్నంలో జిల్లా ఖజానా అధికారి. తెలుగులో రాసిన ఆ ప్రతిజ్ఞను ఆయన తెన్నేటి విశ్వనాథంగారికి చూపించారు. ఆయన దాన్ని అప్పటి రాష్ట్ర విద్యామంత్రి పి.వి.జి. రాజుగారికి అందజేశారు. 1963లో విశాఖలోని ఒక పాఠశాలలో మొదట చదివించారు. 1964లో బెంగుళూరులో కేంద్ర విద్యామంత్రి ఎం.సి. చాగ్లాగారి అధ్యక్షతన జరిగిన సమావేశం ఆమోదించగా, 1965 జనవరి 26 నుంచి దేశమంతటా, అన్ని భాషల్లో అమలులోకి వచ్చింది. పాఠ్యపుస్తకం మొదట్లో ప్రతిజ్ఞ ఉండేది, రాసినవారి పేరు దశాబ్దాల పాటు ఉండేది కాదు. ఆ పేరు లేకుండానే ఆయన 1988లో కన్నుమూశారు. పెద్దల పట్ల గౌరవం చూపమని పిల్లలకు నేర్పిన పేజీలోనే ఆ పెద్దకు చోటు లేకపోయింది.

అందులో దేశభక్తి ఒక్కటే కాదు, ఎదుటివారితో మర్యాద, జంతువుల పట్ల దయ కూడా ఉన్నాయి. ఇప్పుడు నా సంగతి.

1979లో నేను ఎనిమిదో తరగతికి క్లాసు టీచర్ని. ఒక కుర్రవాడు వారానికి నాలుగు రోజులు ఆలస్యం. ప్రార్థన అయ్యాక వచ్చేవాడు, చెయ్యి చాపేవాడు, నేను రెండు వేసేవాణ్ణి. ఎందుకని అడిగిన పాపాన పోలేదు. ఒకరోజు వాడు చెయ్యి చాపుతుంటే పక్కవాడు గొణిగాడు, "వాడు పాలు పోసి వస్తాడండీ" అని. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. ఎదుటివారితో మర్యాదగా ఉంటామని పావుగంట క్రితమే నాలుగు వందల మంది పిల్లలతో చెప్పించాం. చెప్పిస్తున్నంత సేపూ బెత్తం నా చంకలోనే ఉంది.

మర్నాటి నుంచి వారానికి రెండు రోజులు ప్రతిజ్ఞ చెప్పించే పని వాడికిచ్చాను. డ్రిల్లు మాస్టారు నవ్వారు, "దొంగకు తాళాలిచ్చినట్టుంది" అని. ఆ రెండు రోజులూ వాడు గంట కొట్టకముందే వచ్చేవాడు. ఏ ఇంటివాళ్ళను బతిమాలుకుని పాలు ముందుగా పోసేవాడో! మిగతా రోజుల్లో మాత్రం ఆలస్యం పూర్తిగా మానలేదు. కాకపోతే వచ్చి చెయ్యి చాపడం మానేశాడు, కారణం చెప్పడం మొదలుపెట్టాడు. నాకు అదే చాలనిపించింది.

తరువాతి చరిత్ర మీకు తెలిసిందే. శారీరక శిక్షను విద్యావ్యవస్థ నుంచి పూర్తిగా తొలగించాలని 1986 జాతీయ విద్యా విధానం చెప్పింది. 2002లో మన రాష్ట్ర ప్రభుత్వం నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షను కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. మా స్నేహితులు కొందరు, "బెత్తం తీసుకున్నారు, బదులుగా ఏమిచ్చారు?" అని ఇప్పటికీ గొణుగుతుంటారు. ఆ ప్రశ్నలో కొంత న్యాయం ఉంది. ఒక్కొక్క తరగతిలో అరవై మందిని పెట్టి, ఒక్కొక్కరిని పిలిచి మాట్లాడమంటే మాస్టరుకు తీరిక ఎక్కడిది? అయినా బదులుగా ఏమివ్వాలో 1953 నివేదికలోనే ఉంది. చదివిన వాళ్ళం తక్కువ, నేనూ పదవీ విరమణ చేశాకే చదివాను.

నా బెత్తం స్టాఫు రూము బీరువా మీద పడేశాను. కొన్నేళ్ళకు వెల్ల వేయించినప్పుడు చూస్తే చెదలు పట్టి ఉంది.