సాంబ్రాణి నేల మీది ఆటపాటలు

శుక్రవారం దీపం పెట్టిన తరువాత నిప్పుల మీద చిటికెడు సాంబ్రాణి వేయడం మన నాయనమ్మలు మనకు నేర్పిన అలవాటు. ఆ పేరుతో అంగట్లో దొరికేవి రకరకాల బంకలు. వాటన్నిటిలో పాతకాలం నుంచి పేరు మోసినది అరేబియా దక్షిణ తీరపు బంక. అరబ్బులు దానిని లుబాన్ అంటారు. ఒమాను దేశపు దక్షిణ కొసన ఉన్న ధోఫార్ సీమ దాని పుట్టినిళ్ళలో ఒకటి. మన తెలుగు కొండలలో పెరిగే అందుగు చెట్టు ఆ చెట్టుకు దాయాది. ఈ సారి ఆ నేలను గురించీ, అక్కడ ఆరుబయట ఆడే ఆటను గురించీ నాలుగు మాటలు చెప్పుకుందాం. మన మారిషస్ సంగతి కూడా ఒకటి అందులో ఇమిడి ఉన్నది.

ధోఫార్‌లో జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఖరీఫ్ కాలం. మన రైతుల నోటి ఖరీఫ్ కూడా ఆ అరబ్బీ మాటే. ఆంధ్రదేశానికి వానలు తెచ్చే నైరుతి ఋతుపవనమే అక్కడి కొండలను మంచుతో, తుంపరతో ముంచి పచ్చగా చేస్తుంది. కొండ దాటి ఉత్తరానికి దిగితే ఎడారి. చిత్రమేమంటే మేలైన సాంబ్రాణి పచ్చని వైపున పుట్టదు. తడి అందని ఆవలి వైపున, రాళ్ళ వాగులలో పుడుతుంది. సలాలా పట్టణానికి ఉత్తరాన సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న వాదీ దౌకా అటువంటి లోయ. మన గీతగాడు తాటిచెట్టును గీసినట్లు అక్కడివారు ఆ చెట్టు బెరడును గీస్తారు. పాలవంటి రసం కారి గడ్డకడుతుంది. కొన్నాళ్ళకు తిరిగి వచ్చి దానిని గీకి తీసుకుంటారు.

ఆ సరుకు ఒంటెల మీద ఎడారి దాటేది, ఓడల మీద సముద్రం దాటేది. సుమ్‌హురమ్ అనే పాత రేవు గోడలు ఖోర్ రోరీ ఒడ్డున నేటికీ ఉన్నవి. అక్కడి తవ్వకాలలో భారతదేశపు కంచు సాలభంజిక బొమ్మ ఒకటి, తమిళ బ్రాహ్మీ అక్షరాలున్న కుండ పెంకు ఒకటి దొరికినవి. మన కోరంగి ఓడలకు ఎన్నో శతాబ్దాల ముందే మన దేశపు వస్తువులు ఆ తీరం చేరినవన్నమాట. ఆ నావికుల చేతిలో ఒప్పందపు కాగితం లేదు. తిరిగి ఇంటికి చేర్చే గాలి ఉండేది.

ఇక ఆట. ధోఫార్ లోయలవారి ఆట పేరు బరా. పది మొదలు ముప్పై మంది వరకు స్త్రీ పురుషులు అర్ధచంద్రాకారంగా నిలిచి, చప్పట్లు చరుస్తూ, తమ తెగ మాటలో పద్యం పాడుతారు. ఇద్దరు మగవారు బాకులు పట్టి, భుజాల మీదుగా తలపైకి ఆడిస్తూ అడుగులు వేస్తారు. డోళ్ళు, దఫ్, పిల్లనగ్రోవి తోడు. ఒక్కొక్క తెగకు దరువు వేరు, అడుగు వేరు. దరువు వినగానే అది ఎవరి ఆటో తెలిసినవాడు చెప్పగలడు.

ఎడారిలో ఒంటె మీద పోతూ పాడేది తగ్రూద్. ఏడు పాదాలకు మించని చిన్న పద్యం; ఒక జట్టు పాడితే రెండవ జట్టు అందుకుంటుంది. ఒంటెలన్నీ ఒకే నడకన సాగడానికి అది పనికి వస్తుందని వారి నమ్మకం. అంటే ఆ పాటకు తాళం వేసేది దారి. మోటారు బండ్లు వచ్చిన తరువాత ఆ దారి సన్నగిల్లింది. పాట పెండ్లిండ్లకు, ఒంటె పందాలకు చేరింది.

ఒమాను ప్రభుత్వం మేలుకున్నది. 1983లో సంప్రదాయ సంగీత కేంద్రాన్ని నెలకొల్పి, ఈజిప్టు పండితుడు యూసుఫ్ షౌకీ ముస్తఫా ఆధ్వర్యంలో పాటలను రికార్డు చేయించింది. 2000లో యునెస్కో వాదీ దౌకాను, సుమ్‌హురమ్‌ను, మరి రెండు చోట్లను కలిపి ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. బరా 2010లోను, తగ్రూద్ 2012లోను వేరొక జాబితాకు ఎక్కినవి. నేలకొక చిట్టా, పాటకొక చిట్టా! మేము తప్పు పట్టడం లేదు. కాని చెట్టును ఒక దస్త్రంలో, దాని చెంత పుట్టిన పాటను మరొక దస్త్రంలో దాచితే, రెండింటినీ కలిపి చదివేవాడు ఎవడని మా సందేహం.

మన సంగతీ అంతే. ఆప్రవాసీ ఘాట్ 2006లో, లె మోర్న్ కొండ 2008లో ప్రపంచ జాబితాలో చేరినవి. ఏటా నవంబరు 2న ఘాట్ దగ్గర పెద్దలను తలచుకుంటున్నాము. సంతోషమే. అయితే మనవారు ఓడ దిగిన చోటుతో పాటు, వెన్ను వంచి బ్రతికిన చోటు కూడా ఉన్నది కదా! చెరుకు పొలాలలో మన తాతలు ఏరి పోసిన నల్లరాళ్ళ గుట్టలను చాలాచోట్ల యంత్రాలు వచ్చి తీసివేసినవి. మా ఊరి పాత కాంపు స్థలంలో ఒక్క గుట్ట మిగిలింది. దీపం చుట్టూ తెల్లవార్లూ ఆడే రామభజనం ఒకప్పుడు దాని ప్రక్కనే జరిగేదని మా పెద్దమ్మలు చెబుతారు. ఇప్పుడు హాలులో జరుపుతున్నాము. క్రిందటి ఏడు ఒక హాలువారు రాత్రి పదకొండింటికే తలుపు వేయాలన్నారు. సాంబ్రాణి వద్దన్నారు, పొగ తగిలితే అలారం మోగుతుందట. కుర్చీలు అడ్డం వచ్చి దీపం చుట్టూ వలయం సగమే అయింది. ధోఫార్‌వారి అర్ధచంద్రం వారి సంప్రదాయం. మన అర్ధచంద్రం కుర్చీల పుణ్యం!

ఈ ఏటి భజనం గుట్ట దగ్గరే పెడదామని మా కుర్రవాళ్ళు అడిగారు. అనుమతి కోరుతూ ఎస్టేటుకు జాబు వ్రాశాము. పాటకూ పాటకూ నడుమ, ఆ రాళ్ళను ఏ పొలం నుంచి ఎవరు మోసుకొచ్చారో పెద్దమ్మలు చెప్పేటట్లు, పిల్లలు రాయి తాకి చూసేటట్లు ఏర్పాటు. గాలికి దీపం ఆరకుండా అడ్డు పెట్టే రేకు ఎవరు తెస్తారన్నది మాత్రం ఇంకా తేలలేదు.