ఆజ్ఞలైన అక్షరములు

కంప్యూటరు కీబోర్డుపై కంట్రోల్ మీటను అదిమిపట్టి ‘సి’ మీటను నొక్కినచో, ఎన్నుకొన్న వాక్యమునకు నకలు తయారగును. అదేరీతిగా ‘వి’ నొక్కినచో ఆ నకలు కోరినచోట చేరును. అక్షరమును వ్రాయవలసిన మీట ఆజ్ఞను ఎట్లు నెరవేర్చుచున్నది?

కంట్రోల్ మీట తంతిద్వారా వార్తలు పంపు టైపు యంత్రములనుండి వచ్చినది. 1963లో అమెరికాలో వెలువడిన ఆస్కీ పద్ధతిలో ప్రతి అక్షరమునకును ఒక సంఖ్య కలదు. ‘జి’ పెద్దక్షరమునకు 71. కంట్రోల్ మీటను అదిమి ‘జి’ నొక్కినచో అందుండి 64 తగ్గి, 7 అను సంఖ్య పోవును. అది అక్షరము కాదు. ఆవలి యంత్రములోని గంటను మ్రోగింపుమను ఆజ్ఞ.

తరువాత కంప్యూటరు తెరపై వ్రాతను దిద్దు ప్రోగ్రాములు వచ్చినవి. 1970 తరువాతి సంవత్సరములలో కాలిఫోర్నియాలోని జిరాక్స్ పరిశోధనాకేంద్రమున తయారైన బ్రావోలో రెండు స్థితులుండెను. ఒక స్థితిలో మీటలు అక్షరములను వ్రాయును. రెండవ స్థితిలో అవే మీటలు ఆజ్ఞలగును. ఆజ్ఞల స్థితిలో ఉన్న సంగతి మరచి ‘ఎడిట్’ అను ఆంగ్లపదమును టైపు చేసినవాని గతి యేమి? ‘ఇ’ వ్రాతనంతటిని ఎన్నుకొనును. ‘డి’ దానిని తుడిచివేయును. ‘ఐ’ క్రొత్త వ్రాత ప్రారంభించును. తుదకు ‘టి’ అను ఒక్క అక్షరము మిగులును!

ఈ చిక్కును తొలగింప లారీ టెస్లర్, టిమ్ మాట్ అనువారు అచ్చటనే జిప్సీ అను ప్రోగ్రామును నిర్మించిరి. అందు అక్షరపు మీట నొక్కినచో అక్షరమే పడును. టెస్లర్ 1980లో ఆపిల్ సంస్థలో చేరెను. ఆ సంస్థ 1984లో వెలువరించిన మాకింటాష్‌లో కమాండ్ అను మీటను అదిమియుంచినంతవరకే అక్షరములు ఆజ్ఞలగును. వ్రేలు తీయగానే మరల అక్షరములే. మనుష్యుడు స్థితిని జ్ఞాపకముంచుకొన నక్కరలేదు. అది అతని వ్రేలిక్రిందనే యుండును. పనిని రద్దుచేయుట, కత్తిరించుట, నకలు తీయుట, అతికించుట అను నాలుగింటికి క్రింది వరుసలో ప్రక్కప్రక్కనున్న ‘జెడ్’, ‘ఎక్స్’, ‘సి’, ‘వి’ మీటలు ఏర్పడినవి.

ప్రోగ్రాము వ్రాయువారు చేయు ఏర్పాటు సులభమైనదే. ఉదాహరణకు విండోస్‌లో ఏ మీటల జంటకు ఏ ఆజ్ఞయో తెలుపు పట్టిక నొకదానిని వారు సిద్ధపరతురు. మీట నొక్కినపుడు ముందు ఆ పట్టికను చూడవలెను. జంట అందున్నచో, మెనూలో ఆ పనిని ఎన్నుకొన్నపుడు వచ్చు సందేశమే పుట్టును. కనుక ఒక పనికి ఒకే విధానము వ్రాసిన చాలును. పట్టికలో లేనిచో మీట అక్షరముగా సాగిపోవును.

పట్టిక చూచునది అక్షరమును కాదు, మీట సంఖ్యను. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో తెలుగు వ్రాయునపుడు ‘సి’ మీట ‘మ’ అక్షరము నిచ్చును. అయినను విండోస్‌లో ఆ మీట సంఖ్య 67గానే యుండును. అందుచేత తెలుగు వ్రాయువారికిని కంట్రోల్ మీటతో దానిని నొక్కినచో నకలే తయారగును, ‘మ’ పడదు.