పిడుదు మూతి, టెక్సాస్ పశువుల కాపరుల మాట

 

పిడుదులు పట్టిన కొత్త పశువును మా తాత మందలో కలపనిచ్చేవాడు కాదు. "ముందు ఏరండి, తర్వాత కలపండి" అంటాడు. హాస్టల్లో ఈ మాట చెబితే ఒకడు నవ్విండు. అందుకే ఇది రాస్తున్నా.

1800ల రెండో సగంలో అమెరికాలో టెక్సాస్ నుంచి పశువులను ఉత్తరానికి తోలుకుపోయేవారు. ఆ పశువులు బాగానే ఉండేవి. కానీ అవి మేసిపోయిన బీళ్లలో కొన్ని వారాల తర్వాత మేసిన ఉత్తరాది పశువులు జ్వరంతో, ఎర్ర మూత్రంతో పడిపోయి చచ్చేవి. ఇది పిడుదుల పనే అని కాపరులు చాలామంది అన్నారు. చదువుకున్న నిపుణులు ఎక్కువమంది కొట్టిపారేశారు.

థియోబాల్డ్ స్మిత్ మాత్రం ఆ మాటను పరీక్షకు పెట్టాడు. 1889లో ఆయన, కిల్బోర్న్ కలిసి దక్షిణాది పశువులను తెప్పించారు. కొన్నిటికి పిడుదులన్నీ చేత్తో ఏరేసి ఉత్తరాది పశువులతో కలిపారు. రోగం రాలేదు. ఇంకో బీడులో దక్షిణాది పశువు ఒక్కటి కూడా లేకుండా ఉత్త పిడుదులే చల్లారు. రోగం వచ్చింది! గుడ్ల నుంచి పొదిగించిన పిల్ల పిడుదులను ఎక్కించినా వచ్చింది. అంటే తల్లి పిడుదు నుంచి గుడ్డులోకి, గుడ్డు నుంచి పిల్లకు రోగం దిగుతదన్నమాట. ఆ కొన్ని వారాల లెక్క అక్కడ తెగింది. 1893లో అచ్చయిన వాళ్ల నివేదికతోనే, పురుగుల వల్ల పశువులకు రోగం అంటుతదని మొదటిసారి గట్టిగా రుజువైంది.

ఎట్లా అంటుతది అనేది తర్వాతి వాళ్లు తేల్చారు. పిడుదు దోమ లాగా సూది గుచ్చి లేచిపోదు. మూతిలో ఉన్న రెండు చిన్న కత్తులతో (చెలిసెరాలు) తోలు కోస్తది. వెనక్కి తిరిగిన ముళ్లున్న హైపోస్టోమ్‌ను లోపలికి దింపుతది. పక్కనున్న రెండు పాల్ప్‌లు లోపలికి పోవు, తోలు మీద పరుచుకుంటయి. ఈ పశువుల పిడుదుకు మూతి పొట్టి, అందుకే జిగురు కూడా పోసి అతుక్కుంటది. తర్వాత రోజుల తరబడి కాసేపు రక్తం తాగడం, కాసేపు ఉమ్మి వదలడం. ఆ ఉమ్మి నొప్పి తెలియనియ్యదు, రక్తం గడ్డ కట్టనియ్యదు. తాగిన రక్తంలో ఎక్కువైన నీళ్లను కూడా ఉమ్మితోనే పశువులోకి తిరిగి తోస్తది. బబేసియా అనే రోగపు క్రిమి ఆ నీళ్లతోనే దిగుతది.

మా తాత ఒక్క దగ్గర తప్పాడు. మాకు పిడుదు పడితే బీడీ నిప్పు అంటించేవాడు. అట్లా చేస్తే అది ఇంకా ఉమ్మొచ్చు. పట్టుకారుతో తోలుకు ఆనించి పట్టుకుని నిదానంగా లాగాలి. ఫోన్లో చెప్పిన. "నీకు పట్టినప్పుడు చూద్దాం లేరా" అన్నాడు.