కామాఠీపుర మేస్త్రీలు, పుణె కరువు

కామాఠీపుర అనగానే బయటివాళ్లు ముఖం తిప్పుకుంటారు. ఆ పేరు మన కామాఠీలది, తెలంగాణ పల్లెల నుంచి వచ్చి బొంబాయి కట్టిన కూలీలది. వాళ్లలో కొందరు కాంట్రాక్టర్లయ్యారు.

1873లో జోతిరావు ఫూలే పుణెలో సత్యశోధక సమాజం స్థాపించారు. ఆయనా కాంట్రాక్టరే! బొంబాయిలో దాన్ని భుజానికెత్తుకున్న వారిలో రామయ్య వెంకయ్య అయ్యవారు, వ్యంకు బాలాజీ కాలేవార్, జాయా కరాడీ లింగు మనవాళ్లే. 1877 కరువులో ఆ సమాజం పుణె దగ్గర ధన్‌కవడిలో శిబిరం పెట్టి, ఆకలిగొన్న పల్లె పిల్లలకు అన్నం పెట్టింది.

సొంతూరి గుడికీ బోరుకూ మనం ఇప్పటికీ చందాలు వేస్తున్నాం, మంచిదే. పొరుగు గడ్డ పల్లెల పక్షాన నిలబడ్డ ఈ పెద్దల పేర్లు మన చాళ్లలో ఎందరికి తెలుసు? మీ ఇళ్లలో పాత ఫొటోలు, కాగితాలు ఉంటే వచ్చే సభకు తీసుకురండి.