తాళము తప్పిన గుండె

నాడి చూచి రోగము చెప్పుట మన దేశమున ప్రాచీనమైన విద్య. ఆగి యాగి నడచు నాడిని శార్ఙ్గధర సంహిత ప్రాణాపాయ సూచనగా నెన్నినది. ఆ మాటలో అనుభవమున్నది. అయినను నాడి ఎందువలన ఆగినది? అట్లు ఆగిన ప్రతివాడును ఆపదలో నున్నాడా? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము వ్రేలికొనకు అందునది కాదు. అది దొరకిన చరిత్రను పాఠకులకు మనవిచేయుట మా యుద్దేశము.

మన గుండెలో పైన కర్ణికలు రెండు, క్రింద జఠరికలు రెండు. కుడి కర్ణికలో పుట్టిన విద్యుత్ప్రేరణ క్రిందికి దిగి జఠరికలను ముడుచుకొనజేయుట సహజక్రమము. ఒక్కొక్కపుడు జఠరిక ఆ యాజ్ఞకై వేచియుండక తానే ముందుగా కొట్టుకొనును. ఆ అకాల స్పందనము బలహీనమై మణికట్టు వరకు చేరకపోవచ్చును. దాని వెంట కొంత విరామము వచ్చును. వైద్యుని వ్రేలికి ‘ఆగినది’ అని తోచుటకు పలుమారు ఇదియే కారణము.

1850లో జర్మను శాస్త్రజ్ఞులు లుడ్విగ్, హోఫా యనువారు జంతువుల గుండెకు విద్యుత్తు సోకించి, జఠరికలు ముడుచుకొనుట మాని వణకుచుండుట చూచిరి. 1889లో అబర్డీన్ ఆచార్యుడు మాక్విలియం, మానవుల ఆకస్మిక మరణములకు సయితము ఈ వణకే కారణమై యుండునని వ్రాసెను. దానిని మనుష్యులలో రుజువుచేయు సాధనము ఆనాడు లేదు.

ఆ సాధనమును హాలండులోని లైడెన్ నగరమున ఐంథోవెన్ సమకూర్చెను. సన్నని తీగ గల ఆయన గాల్వనోమీటరు సుమారు 270 కిలోగ్రాముల బరువుండెను. నడపుటకు ఐదుగురు కావలసివచ్చెను. రోగిని యంత్రము కడకు తెచ్చుట కష్టమగుటచే, ఒకటిన్నర కిలోమీటరు దూరమున నున్న ఆసుపత్రి నుండి టెలిఫోను తీగమీదుగా గుండె సంకేతములను తెప్పించెను. 1906లో ఆయన ప్రకటించిన పటములలో జఠరికల అకాల స్పందనములును కలవు. 1912లో హోఫ్‌మన్ అను వైద్యుడు మనిషి గుండెలోని వణకునే పటమున కెక్కించెను.

క్రమముగా గుర్తుపట్టు విధము తేటపడినది. అకాల స్పందనమునకు ముందు కర్ణికల చిన్న అల కానరాదు. జఠరికల అల సాధారణముగా 0.12 సెకండునకు మించి వెడల్పై యుండును. ఏలయన ప్రేరణ తన రాచబాటను విడిచి కండరము గుండ మెల్లగా ప్రాకును. అట్టివి మూడు గాని అంతకెక్కువ గాని, నిమిషమునకు 100కు మించిన వేగమున వరుసగా వచ్చినచో అది జఠరికల ద్రుతస్పందనము. 30 సెకండ్లు దాటి నిలిచినది మరింత తీవ్రము. అలలన్నియు ఒకే రూపమున నున్నవా, మారుచున్నవా యనునది వేరొక విభాగము. అలల మొనలు గీత చుట్టు మెలిదిరుగు రకమును 1966లో ఫ్రెంచి వైద్యుడు దెసెర్తెన్ వర్ణించెను. కడపటిది కంపనము: రూపమే లేని గజిబిజి గీత. అప్పుడు రక్తప్రసరణ నిలిచిపోవును. నిమిషములలో విద్యుద్ఘాతమిచ్చి సరిచేయనిచో ప్రాణము దక్కుట అరుదు.

రేడియోతో సంబంధము గల ముచ్చట యొకటి. అమెరికాలో హోల్టర్ 1940ల చివర గుండె సంకేతములను రేడియో ద్వారా పంపి చూపెను. వీపున మోయవలసిన ఆ పరికరము సుమారు 85 పౌండ్లు. అది చిన్నదైన పిదప దినమంతయు గుండె నడకను లెక్కించుట సాధ్యమైనది. 1971లో లౌన్, వుల్ఫ్ అనువారు అకాల స్పందనములను సంఖ్యను, రూపమును, వరుసను బట్టి మెట్లుగా ఏర్పరచిరి. మెట్టు పెరిగినకొలది అపాయము పెరుగును గనుక, వానిని అణచినచో రోగి బ్రతుకునని పలువురు తలచిరి.

గుండెపోటు నుండి కోలుకొనిన వారిపై ‘కాస్ట్’ అను పరిశోధన దీనిని పరీక్షించెను. 1991లో వెల్లడియైన లెక్క ప్రకారము, ఎన్‌కైనైడు గాని ఫ్లెకైనైడు గాని పుచ్చుకొనిన 755 మందిలో 63 మంది మరణించిరి. మందు లేని మాత్ర పుచ్చుకొనిన 743 మందిలో 26 మందియే. అకాల స్పందనములు అణగినవి గాని, ప్రాణములు నిలువలేదు.

మన రెండవ ప్రశ్నకు ఇందే సమాధానమున్నది. ఆరోగ్యవంతుని గుండెలో అరుదుగా వచ్చు అకాల స్పందనము సాధారణముగా నిరపాయము. గుండెపోటుతో గాయపడిన గుండెలో అదే హెచ్చరిక కావచ్చును. కావున ఒకమారు గుండె తడబడినంతనే భయపడవలదు. తడబాటుతో స్పృహ తప్పినను, ఛాతీలో నొప్పి తోచినను క్షణమైనను ఆలసింపవలదు. గీతను చదివిన వైద్యుడు ఆ గీత ఎట్టి గుండెనుండి వచ్చినదో కూడ విచారించిన పిదపనే మందు వ్రాయుట ఉచితము.