ఇంగ్లీషు నిఘంటువుల్లో గోదావరి డెల్టా మాటలు

మచిలీపట్నం, నరసాపురం, ఏలూరు, ధవళేశ్వరం ప్రాంతాల నుంచి 17వ శతాబ్దం మొదలుకొని ఇంగ్లీషు భాషలోకి కొన్ని మాటలు వెళ్ళాయి. మడపొలం, లంకా, గార్స్, కర్నమ్, బాండికూట్ వాటిలో ముఖ్యమైనవి. అనికట్, జెంటూ అనే రెండు పుట్టుకతో తెలుగు మాటలు కావు గానీ, వాటి చరిత్రలో సగం తెలుగు నేల మీదే నడిచింది. వీటిలో చాలావాటిని ఇవాళ సగటు ఇంగ్లీషువాడు కూడా ఎరగడు. పెద్ద నిఘంటువుల్లో మాత్రం పదిలంగా ఉన్నాయి.

ఈ మాటలు కవిత్వం ద్వారానో, కథల ద్వారానో ఇంగ్లీషుకు అందలేదు. ఎక్కువభాగం కచేరీ లెక్కల్లోంచి, ఓడ సరుకు జాబితాల్లోంచి వెళ్ళినవే. బట్ట, ధాన్యం కొలత, శిస్తు, కాలువ నీరు, పొగాకు: తెల్లవాళ్ళు ఇక్కడ దేనికోసం తిరిగారో ఈ జాబితా చూస్తే చాలు. ఒక్క జంతువు పేరుంది. అదీ గోదాముల్లో సరుకు పాడుచేసే జంతువే.

మాధవాయిపాలెం బట్ట

1611లో ఆంథొనీ హిప్పన్ నాయకత్వంలో గ్లోబ్ అనే ఓడ మచిలీపట్నం చేరింది. కోరమాండల్ తీరంలో ఈస్టిండియా కంపెనీ వ్యాపారం అలా మొదలైంది. అప్పట్లో ఈ ప్రాంతమంతా గోల్కొండ కుతుబ్‌షాహీల ఏలుబడిలో ఉండేది. మచిలీపట్నం నుంచి కంపెనీ మనుషులు నేత ఊళ్ళను వెతుక్కుంటూ ఉత్తరానికి కదిలారు. నరసాపురం పక్కన వశిష్ఠ గోదావరి ఒడ్డునున్న మాధవాయిపాలెంలో ఒక ఫ్యాక్టరీ పెట్టారు. ఫ్యాక్టరీ అంటే యంత్రాలుండే చోటు కాదు. కంపెనీ గుమాస్తాలు కాపురముండి, నేతగాళ్ళకు ముందుగా సొమ్మిచ్చి, తయారైన తానులు కొని ఓడకెక్కించే కొఠీ. డచ్చివాళ్ళు అప్పటికే కాస్త దూరంలో పాలకొల్లులో ఉన్నారు. ఇంగ్లీషువాళ్ళకు ఇదే డెల్టాలో తరువాత ఇంజరం, బండమూర్లంకల్లో కూడా కొఠీలు వెలిశాయి.

మద్రాసు గవర్నరు స్ట్రెయిన్‌షామ్ మాస్టర్ 1679లో ఈ కొఠీల తనిఖీకి వచ్చాడు. ఆ ప్రయాణంలోనే ఏలూరు చూసి, అక్కడి తివాచీల గురించి, వాటిని నేసే పారశీక సంతతివాళ్ళ గురించి తన దినచర్యలో రాసుకున్నాడు. తివాచీ ఏలూరు పేరుతోనే ఇంగ్లండులో అమ్ముడైంది గానీ, ఊరి పేరు బట్ట పేరుగా మారలేదు. మాధవాయిపాలేనికి ఆ రాత పట్టింది. ఇంగ్లీషు నోట అది మడపొలం అయింది. మొదట ఊరి పేరుగా, పోగా పోగా అక్కడి నుంచి వచ్చే తెల్లని మెత్తని నూలు బట్ట పేరుగా నిలిచింది. సాదా నేత, ముతక గుడ్డ కన్నా సన్నం, మస్లిన్ కన్నా మందం. చొక్కాలకు, దుప్పట్లకు, అద్దకానికి పనికొచ్చేది. ఫ్రెంచి, స్పానిషు, పోర్చుగీసు భాషలు కూడా ఈ పేరును తమ యాసలో పెట్టుకుని వాడుకున్నాయి.

అసలు విశేషం ఆ తరువాత జరిగింది. 19వ శతాబ్దం వచ్చేసరికి మాంచెస్టర్ మరమగ్గాలు అదే రకం బట్టను చవకగా నేయడం మొదలుపెట్టాయి. 1833 చార్టర్ చట్టంతో కంపెనీ వ్యాపారం పూర్తిగా ఆగిపోయింది. కొఠీలు మూతబడ్డాయి, నేతగాళ్ళకు ముందు సొమ్మిచ్చే నాథుడు లేకుండా పోయాడు. పేరు మాత్రం మరమగ్గం బట్టకు అంటుకుని లాంకషైర్‌లో బతికింది. అదే శతాబ్దం చివరి పాతికేళ్ళలో మడపొలం అంటే ఇంగ్లండు నుంచి మన దేశానికి దిగుమతయ్యే ప్రధానమైన బట్టల్లో ఒకటి. గోదావరి ఒడ్డు ఊరి పేరు మోసుకుని ఆ తాను ఓడ దిగి మన బజార్లకే వచ్చేది. వలస పాలన మీద రాసిన ఎన్నో పుస్తకాలు పేజీల కొద్దీ చెప్పిన సంగతి ఈ ఒక్క పేరులో ఇమిడి ఉంది. మాధవాయిపాలెం ఇవాళ రేవుగానే అందరికీ తెలుసు. సఖినేటిపల్లి వెళ్ళాలంటే పంటు ఎక్కేది అక్కడే.

జెంటూ

అన్యమతస్థుడు అనే అర్థమున్న పోర్చుగీసు మాట ఇంగ్లీషులో జెంటూ అయింది. బెంగాలులో అది హిందువులందరికీ వర్తించింది. 1776లో హాల్హెడ్ అచ్చువేసిన జెంటూ న్యాయస్మృతిలో ఉన్నది ఆ అర్థమే. మద్రాసులో మాత్రం తమిళులను మలబార్లనీ, తెలుగువాళ్ళను జెంటూలనీ వేరు చేసి పిలిచేవారు. తెలుగు భాషకూ అదే పేరు. ఎ.డి. కాంప్‌బెల్ 1816లో ప్రచురించిన వ్యాకరణం పేరులో తెలుగు అని రాసి, జెంటూ అనే వాడుక పేరును పక్కన తగిలించాల్సి వచ్చింది. మరుసటి ఏడు వచ్చిన విలియం బ్రౌన్ వ్యాకరణం నేరుగా జెంటూ అనే అంది. ఆ శతాబ్దం గడిచేకొద్దీ ఆ పేరు వాడుక తప్పిపోయింది. ఒక్క మినహాయింపు: దక్షిణ సముద్రాల్లో తిరిగే ఒక పెంగ్విన్ జాతిని ఇప్పటికీ జెంటూ అంటారు. తల మీది తెల్లని పట్టీ తలపాగాలా కనిపించడం వల్ల ఆ పేరొచ్చిందని ఒక ఊహ.

శిస్తు మాటలు

1765లో మొగలు చక్రవర్తి షా ఆలం ఫర్మానా, మరుసటి ఏడు నిజాంతో ఒప్పందం కలిసి ఉత్తర సర్కార్లను కంపెనీకి దఖలుపరిచాయి. శ్రీకాకుళం, రాజమండ్రి, ఏలూరు, కొండపల్లి, గుంటూరు ఆ అయిదు సర్కార్లు. వ్యాపారి పాలకుడయ్యాడు కనుక అతనికి కావలసిన మాటలూ మారాయి. బట్టల పేర్లు వెనక్కిపోయి భూమి మాటలు ముందుకొచ్చాయి.

గరిసె అంటే రైతు ఇంట్లో ధాన్యం పోసుకునే పెద్ద బుట్ట, కొలతగా కూడా చెల్లేది. అదే ఇంగ్లీషులో గార్స్. మద్రాసు లెక్కల్లో గార్స్ అంటే 400 మరకాలు, అంటే నేటి తూకంలో నాలుగు టన్నుల పైచిలుకు. ఏ ఇంటి గరిసె ఎంత పట్టినా కచేరీకి పట్టలేదు. దాని గరిసె ఒకటే. కరణం కర్నమ్ అయ్యాడు. 1802 నాటి మద్రాసు రెగ్యులేషన్లలో కరణాల కోసమే ప్రత్యేకంగా ఒకటుంది. ఊరి లెక్కలన్నీ అతని కవిలెకట్టలో ఉంటే, కలెక్టరు ఆ ఉద్యోగాన్ని అనువదించలేక పేరునే తీసుకున్నాడు. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ వ్యవస్థను రద్దు చేసేదాకా ఇంగ్లీషు దస్తావేజుల్లో ఆ పేరు నడిచింది.

కాలువలు

అనికట్‌కు నిఘంటువులు తమిళ మూలమే చెబుతాయి, అది న్యాయమే. కావేరి మీద గ్రాండ్ అనికట్ ముందునుంచీ ఉంది. ఇంజనీరు ఆర్థర్ కాటన్ కావేరి పాయ అయిన కొల్లిడం మీద పనిచేసి ఆ మాటతో పాటు ఆ విద్యనూ గోదావరికి తెచ్చాడు. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం కట్టడం ఇంగ్లీషు నివేదికల్లో గోదావరి అనికట్, జనం నోట ఆనకట్ట. రెండూ అన్నదమ్ముల్లాంటి మాటలే కాబట్టి ఎవరికీ ఇబ్బంది కాలేదు. పాత కట్టడం స్థానంలో 1982లో బ్యారేజీ పూర్తయింది.

పడమటి డెల్టాకు నీరిచ్చే విజ్జేశ్వరం నుంచి బయలుదేరిన ఏలూరు కాలువ నిడదవోలు, తాడేపల్లిగూడెం, ఉంగుటూరు ప్రాంతాల మీదుగా ఏలూరు చేరి, అక్కడ కృష్ణా కాలువతో కలుస్తుంది. ఈ కాలువ వెంట మాటలు ఎదురుదిక్కులో కూడా ప్రయాణించాయి. పడవలు ఎక్కి దిగే లాకులు ఇంగ్లీషు నుంచి వచ్చాయి. లస్కరుది మరీ తిరుగుడు ప్రయాణం: సైన్యం అనే అర్థంతో పారశీకంలో పుట్టి, యూరపువాళ్ళ ఓడల్లో కళాసీ అయి, చివరికి ఇక్కడ కాలువ తూములు ఎత్తి దించే నీటిపారుదల శాఖ మనిషిగా స్థిరపడింది.

కొల్లేటి సరస్సుకు మాత్రం ఇంగ్లీషు భాషలో స్థలం పేరు స్థాయికి మించి చోటు దొరకలేదు. పాత పటాల్లో కొలేర్ అని కనిపిస్తుంది, అంతే. అక్కడి వలల పేర్లు, మావుల పేర్లు, చేపల పేర్లు ఇంగ్లీషువాళ్ళు తీసుకోలేదు. కంపెనీ కొన్నది బట్ట గానీ చేప కాదు.

లంక పొగాకు మాత్రం కొన్నారు. గోదావరి లంకల్లో వరద వండలి మీద పండే ఘాటైన పొగాకుతో చుట్టిన చుట్టలను మద్రాసు దొరలు లంకాలు అన్నారు. ఆ చుట్ట పేరు ఎక్కడిదాకా వెళ్ళిందంటే, 1890లో వచ్చిన ఆర్థర్ కోనన్ డాయిల్ నవల ‘ది సైన్ ఆఫ్ ఫోర్’లో షెర్లాక్ హోమ్స్ హంతకుణ్ణి పట్టే విద్య వివరిస్తూ ఇండియన్ లంకాను ఉదాహరణగా చెబుతాడు. బూడిద చూసి చుట్ట ఏదో పోల్చగలగడం అతని విద్యల్లో ఒకటి. 

నిఘంటుకారులు

ఈ మాటలను పోగుచేసినవాళ్ళలో సి.పి. బ్రౌన్ ముందువరస. అతని తెలుగు–ఇంగ్లీషు నిఘంటువుతో పాటు, కచేరీ వాడుకలో కలగలిసిన మాటల కోసం కూర్చిన జిల్లా డిక్షనరీ కూడా 1852లోనే వెలువడింది. హెచ్.హెచ్. విల్సన్ న్యాయ, రెవెన్యూ పదకోశం 1855లో వచ్చింది. అందరికన్నా పేరు తెచ్చుకున్నది హెన్రీ యూల్, ఎ.సి. బర్నెల్ కూర్చిన హాబ్సన్–జాబ్సన్, 1886. బర్నెల్ మద్రాసు సివిల్ సర్వీసు మనిషి కావడం వల్ల దక్షిణాది మాటలకు అందులో మంచి వాటా దక్కింది. మడపొలం, లంకా, గార్స్, కర్నమ్, బాండికూట్ అన్నీ అందులో ఉన్నాయి. 1903లో విలియం క్రూక్ దాన్ని పెంచి మళ్ళీ తెచ్చాడు.

పందికొక్కు

వీటన్నిటిలో ఎక్కువగా లోకం తిరిగింది బాండికూట్, అదీ అచ్చ తెలుగు మాట. వరిచేలో గట్లు గుల్లచేసి, గాదె కింద బొరియలు తవ్వే పందికొక్కును చూసి ఇంగ్లీషువాళ్ళు ఆ పేరే పట్టుకున్నారు. 1873లో జె.ఇ. గ్రే ఈ ఎలుకల ప్రజాతికి బాండికోటా అని శాస్త్రీయ నామం పెట్టడంతో అది లాటిన్ వేషం కూడా కట్టింది. అంతకన్నా చాలా ముందు, 1799లో, జార్జ్ బాస్ ఆస్ట్రేలియాలో చూసిన ఒక కొత్త జంతువును బాండికూట్ అన్నాడు. పొడవాటి మూతి, నేల తవ్వే అలవాటు తప్ప రెంటికీ చుట్టరికం లేదు. అది పొట్టసంచిలో పిల్లలను మోసే జీవి, కంగారూకు దూరపు బంధువు. పేరు మాత్రం దానికే స్థిరపడింది. 1996లో వచ్చిన క్రాష్ బాండికూట్ అనే వీడియో గేమ్ కథానాయకుడు కూడా ఆ ఆస్ట్రేలియా జంతువే, మన పందికొక్కు కాదు. ఆస్ట్రేలియా వాడుకలో బాండికూట్ క్రియగా కూడా ఉంది. పైన మొక్క కదలకుండా మట్టిలోంచి బంగాళాదుంపలు మాత్రం దొంగతనంగా తవ్వుకుపోవడమని దానికి అర్థం.